కార్డు కాదు, జాబితాలో పేరు చూసుకోండి: ఆధార్, ఎపిక్, మెమోలతో ఓటు సరిచూసుకునే పద్ధతి

ఓటరు కార్డు (ఎపిక్) గుర్తింపు పత్రం మాత్రమే. ఓటు వేయనిచ్చేది నియోజకవర్గం జాబితాలో మీ పేరున్న వరుస. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ ప్రకారం ఆ రోజుకు జాబితాలో పేరు లేనివాళ్లు ఓటు వేయలేరు, జేబులో ఎన్ని కార్డులున్నా సరే. 2018 డిసెంబరులో తెలంగాణ శాసనసభ ఎన్నికల రోజు కార్డులు పట్టుకుని బూతులకు వెళ్లి, పేరు లేదని విని వెనక్కి వచ్చినవాళ్లు చాలామంది. అప్పటి రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పారు గానీ, క్షమాపణతో ఆ ఓటు తిరిగి రాలేదు.

అందుకే ఈ పని పోలింగుకు వారం ముందు పెట్టుకునేది కాదు. నామినేషన్ల చివరి రోజు దాటితే ఆ ఎన్నికకు కొత్త చేర్పులు ఉండవు. దరఖాస్తు అందాక అభ్యంతరాలకు ఏడు రోజులు ఆగాలి, బూతు స్థాయి అధికారి (బీఎల్ఓ) విచారణ జరగాలి. కాబట్టి నామినేషన్ల ఆఖరి తేదీకి కనీసం పది రోజుల ముందు చేరిన దరఖాస్తుకే ఆ ఎన్నికలో పనికొచ్చే అవకాశం ఉంటుంది. ఏ ఎన్నికా లేని నెలల్లో చూసుకుంటే అధికారులకూ తీరిక ఉంటుంది.

ముందు కాగితాలన్నీ ఒకచోట

ఓటరు కార్డు, ఆధార్, పదో తరగతి మెమో, పాన్ లేదా పాస్‌పోర్టు, ఈ మధ్య వచ్చిన కరెంటు బిల్లు తీసి పెట్టుకోండి. ఒక కాగితం మీద ప్రతి పత్రంలో మీ పేరు, తండ్రి లేదా భర్త పేరు, పుట్టిన తేదీ, చిరునామా ఎలా ఉన్నాయో అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి. ఇంటిపేరు ముందుందా, వెనకుందా, ఒక్క అక్షరంగా కుదించారా అన్నదీ రాయండి. ఇది చాదస్తంలా కనిపిస్తుంది. కానీ మన పేర్లతో వచ్చే తిప్పలు సగం ఇక్కడే దొరికిపోతాయి. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు చివరికి పోతుంది, ఓటరు జాబితాలో ఇంటిపేరే ఉండదు. చూసేవాళ్లకు నలుగురు మనుషుల్లా ఉంటారు.

ఇక్కడే ఒక అపోహ తీర్చాలి. ఆధార్ నంబరు కొడితే ఓటు చూపించే పేజీ ఎన్నికల సంఘం దగ్గర లేదు. ఫారం 6బీతో ఆధార్ ఇచ్చినవాళ్లు కూడా ఎపిక్ నంబరుతోనో, వివరాలతోనో, మొబైల్ నంబరుతోనో వెతుక్కోవాలి. ఆధార్ ఉన్నంతమాత్రాన, రేషన్ కార్డులో పేరున్నంతమాత్రాన ఓటు ఉన్నట్టు కాదు. ఆ పత్రాలు జాబితాలోని వరుసతో పోల్చుకోవడానికీ, తప్పు తేలితే రుజువుగా జతచేయడానికీ పనికొస్తాయి, అంతే.

వెతకడం

ఎన్నికల సంఘం పోర్టల్ ఓటర్స్ డాట్ ఈసీఐ డాట్ జీఓవీ డాట్ ఇన్. అందులో జాబితాలో పేరు వెతికే లింకు ఉంటుంది, ఈసీఐనెట్ యాప్‌లోనూ అదే సదుపాయం ఉంది. ఇంటర్నెట్ అలవాటు లేనివాళ్లు 1950కి ఫోన్ చేయవచ్చు.

మొదట ఎపిక్ నంబరుతో వెతకండి. ఇప్పటి ఎపిక్‌లో పది స్థానాలుంటాయి: మొదటి మూడూ ఇంగ్లీషు అక్షరాలు, తర్వాతి ఏడూ అంకెలు. కార్డు అరిగిపోయి ‘ఓ’ అక్షరమో సున్నానో తెలియకపోతే ఈ లెక్క చాలు, మొదటి మూడింటిలో సున్నా ఉండదు, చివరి ఏడింటిలో అక్షరం ఉండదు. చివరి అంకె మిగతావాటిని సరిచూసే అంకె. అందుకే ఒక్క అంకె తప్పు కొట్టినా వేరేవాళ్ల పేరు రావడం అరుదు, ‘రికార్డు లేదు’ అనే వస్తుంది. ఆ మాట చూసి ఓటు పోయిందని కంగారుపడకండి, నంబరు మళ్లీ కొట్టండి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలం నాటి కార్డుల్లో ‘ఏపీ’ అని మొదలై మధ్యలో గీతలతో అంకెలుండే పాత నంబరు కనిపిస్తుంది. వాటి స్థానంలో పది స్థానాల నంబర్లు ఇచ్చారు. పాత నంబరుతో ఏమీ రాకపోతే వివరాలతో వెతికి, అక్కడ కనిపించిన కొత్త నంబరును కార్డు వెనకాలే రాసిపెట్టుకోండి.

వివరాలతో వెతికేటప్పుడు రాష్ట్రం, భాష, పేరు, బంధువు పేరు, పుట్టిన తేదీ లేదా వయసు, జిల్లా, నియోజకవర్గం అడుగుతుంది. ఇక్కడ ఎక్కువ నింపితే ఎక్కువ దొరకదు. ఒక్క గడి తేడా వచ్చినా ఫలితం తప్పిపోతుంది కాబట్టి తప్పనిసరి గడులు మాత్రమే నింపి మొదలుపెట్టండి. పుట్టిన తేదీకి బదులు వయసు పెట్టి చూడండి. పేరు తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి వెతకండి. తెలుగులో ‘లక్ష్మి’ ఒకటే. ఇంగ్లీషులో మధ్యలో ‘కేఎస్‌హెచ్’ అనీ రాస్తారు, ‘ఎక్స్’ అనీ రాస్తారు. ‘శ్రీనివాస్’ మొదట్లో ‘ఐ’ ఒకటి రాసేవాళ్లున్నారు, ‘ఈ’లు రెండు రాసేవాళ్లున్నారు. పెళ్లయిన ఆడవాళ్ల విషయంలో భర్త పేరుతో దొరకకపోతే తండ్రి పేరుతో, పుట్టింటి నియోజకవర్గంలో చూడాలి. పాత ఓటు అక్కడే ఉండిపోయిన కేసులు లెక్కలేనన్ని.

జిల్లా పేరు దగ్గర జాగ్రత్త. తెలంగాణ పది జిల్లాలు 33 అయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో పదమూడు 26 అయ్యాయి. మీ కార్డు మీద ఉన్న జిల్లాలో ఇప్పుడు మీ నియోజకవర్గం లేకపోవచ్చు. జిల్లా గడి వదిలేసే వీలుంటే వదిలేయండి.

మొబైల్ నంబరుతో వెతకడం తేలికే గానీ, ఆ నంబరు మీ ఎంట్రీకి ముడిపడి ఉంటేనే ఫలితం వస్తుంది. రాకపోతే ఓటు లేదని కాదు, నంబరు ఎక్కించలేదని.

దొరికాక ‘వివరాలు చూడండి’ నొక్కి నాలుగు రాసుకోండి: నియోజకవర్గం నంబరు, పార్టు నంబరు (జాబితాలో మీ బూతుకు చెందిన భాగం), ఆ పార్టులో క్రమ సంఖ్య, పోలింగ్ కేంద్రం. బీఎల్ఓ వివరాలు కూడా అక్కడే ఉంటాయి. ఊళ్లలో బీఎల్ఓ చాలాసార్లు అంగన్‌వాడీ టీచరో, బడి టీచరో, ఆంధ్రలో అయితే సచివాలయ ఉద్యోగో అయి ఉంటారు, ఇల్లు కనుక్కోవడం కష్టం కాదు.

అంతటితో ఆగకుండా పార్టు పీడీఎఫ్ కూడా దించుకోవడం మంచిది. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్లో ఉంటుంది. అది బొమ్మగా ఉండే ఫైలు, అందులో పేరు కొట్టి వెతకడం కుదరదు, పేజీలు తిప్పాల్సిందే. క్రమ సంఖ్య ముందే రాసుకున్నారు కనుక రెండు నిమిషాల పని. వెబ్‌లో పెట్టే ప్రతిలో ఫొటోలుండవు, ఫొటో సరైనదో కాదో చూడాలంటే బీఎల్ఓ దగ్గరున్న ప్రతి చూడాలి. మీ పేరు మీద ‘తొలగించబడినది’ అన్న ముద్ర ఉంటే పక్కన అక్షరం చూడండి: ‘ఈ’ అంటే మరణం, ‘ఎస్’ అంటే ఇల్లు మారారు, ‘ఆర్’ అంటే రెండుసార్లు నమోదు, ‘ఎం’ అంటే మనిషి దొరకలేదు, ‘క్యూ’ అంటే అనర్హత. ఆ ఒక్క అక్షరాన్ని బట్టే తర్వాత ఏం చేయాలో తేలుతుంది. బతికున్న మనిషి పేరు పక్కన ‘ఈ’ ఉంటే ఎవరో తప్పుడు సమాచారం ఇచ్చారన్నమాట.

ఇంట్లో అందరి పేర్లూ ఒకే పార్టులో ఉన్నాయా అన్నదీ పీడీఎఫ్‌లోనే తెలుస్తుంది. భార్యాభర్తలకు చెరో బూతు పడిందంటే సాధారణంగా డోర్ నంబరులో తేడా ఉంటుంది.

పోల్చడం: ఏది తప్పు, ఏది కాదు

వయసులో ఒకటి రెండేళ్ల తేడా చూసి ఫారం నింపడం మొదలుపెట్టకండి. జాబితాలోని వయసు, ఓటు అర్హతకు లెక్కలోకి తీసుకునే తేదీకి లెక్కగట్టింది, మీరు చూసిన రోజుకు కాదు. పాతకాలం ఎంట్రీల్లో పుట్టిన తేదీయే లేదు, ఇంటికొచ్చిన ఎన్యుమరేటర్ అడిగి రాసుకున్న వయసు ఉంటుంది. ఐదారేళ్లు తేడా ఉంటే మాత్రం సవరించుకోండి. ఆధార్‌లో కూడా కొందరికి పుట్టిన సంవత్సరమే ఉంటుంది, కొందరికి నమోదు రోజున తోచిన జనవరి 1 ఉంటుంది. అందుకే పుట్టిన తేదీకి పదో తరగతి మెమోకో జనన ధ్రువపత్రానికో ఎక్కువ విలువివ్వండి.

పేరులో ఒక అక్షరం తేడా పోలింగ్ రోజు అడ్డం కాదు, మనిషి గుర్తింపు తేలితే చిన్నచిన్న అచ్చుతప్పులు పట్టించుకోకూడదన్నది ఎన్నికల సంఘం సూచన. కానీ ఆన్‌లైన్‌లో ఫారం పెట్టేటప్పుడు ఆ అక్షరమే గొంతుకు అడ్డం పడుతుంది. 2025 సెప్టెంబరు నుంచి ఆన్‌లైన్ ఫారాలకు ఆధార్ ఈ-సైన్ పెట్టారు: ఫారంలో పేరు ఆధార్‌లో పేరుతో సరిపోవాలి, ఆధార్‌కు ముడిపడిన ఫోనుకు ఓటీపీ రావాలి. ఇతరుల పేరుతో దొంగ దరఖాస్తులు రాకుండా పెట్టిన కట్టడి ఇది, మంచిదే. అయితే ఇంటిపేరు కుదించిన ఆధార్ ఉన్నవాళ్లు దీని దగ్గరే ఆగిపోతారు. అలాంటప్పుడు కాగితం ఫారం నింపి బీఎల్ఓకు గానీ, తహసీల్దారు కార్యాలయంలో గానీ ఇచ్చి రసీదు తీసుకోండి. అది ఇప్పటికీ చెల్లుతుంది.

ఏ పత్రాన్ని దిద్దాలి? మెమో, పాన్, ఆధార్ మూడూ ఒకటి చెబుతూ ఓటరు జాబితా వేరేది చెబితే జాబితాను దిద్దండి. మెమో, జాబితా ఒకటై ఆధార్ వేరైతే ముందు ఆధార్‌ను దిద్దండి. తొందరపడి తప్పు పత్రాన్ని దిద్దితే వెనక్కి తిప్పుకోవడం కష్టం: ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారి మాత్రమే మార్చనిస్తారు. జాబితాలో సవరణకు రుసుము లేదు.

తండ్రి పేరు స్థానంలో భర్త పేరు, లేదా అటుది ఇటు ఉండడం తప్పు కాదు. కానీ బంధుత్వం గడిలో ‘తండ్రి’ అని ఉండి పక్కన భర్త పేరు ఉంటే దిద్దించుకోవాలి.

ఏ ఫారం, ఎందుకు

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. కొత్తగా ఓటు నమోదుకు ఫారం 6. ఇల్లు మారడం, సవరణ, కార్డు పోవడం, దివ్యాంగుల గుర్తు, వీటన్నిటికీ 2022 ఆగస్టు 1 నుంచి ఫారం 8 ఒక్కటే. నెల్లూరు నుంచి హైదరాబాద్ వచ్చినా ఫారం 8తోనే మారాలి. చాలామంది ఫారం 6 పెడతారు. అప్పుడు పాత చోట ఓటు అలాగే ఉంటుంది, కొత్త చోట ఇంకోటి వస్తుంది. రెండు చోట్ల నమోదు 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 17వ సెక్షన్‌కు విరుద్ధం, ఫారంలో తప్పుడు ప్రమాణం చేస్తే 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు శిక్షకు వీలుంది. శిక్ష సంగతి అటుంచండి. ఒకేలాంటి వివరాలు, ఒకేలాంటి ఫొటోలు ఉన్న ఎంట్రీలను సాఫ్ట్‌వేర్ ఏరి నియోజకవర్గ ఓటర్ల నమోదు అధికారి (ఈఆర్ఓ) ముందు పెడుతుంది. అందులో ఏది పోతుందో మీ చేతిలో ఉండదు, మీకు కావలసినదే పోవచ్చు. రెండు ఓట్లున్నాయని తెలిస్తే అక్కరలేనిదానికి మీరే ఫారం 7 పెట్టి తీయించేయండి.

పేరు ఒకసారి తొలగించాక మాత్రం ఫారం 8 పనిచేయదు, దిద్దడానికి ఎంట్రీ ఉండాలి కదా. మళ్లీ ఫారం 6 నింపాలి. వయసుకు రుజువుగా జనన ధ్రువపత్రం, పది లేదా ఇంటర్ సర్టిఫికెట్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఆధార్‌లో ఏదో ఒకటి. చిరునామాకు ఆధార్, బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, పాస్‌పోర్టు, రిజిస్టరైన అద్దె ఒప్పందం, లేదా నీటి, కరెంటు, గ్యాస్ బిల్లు. అద్దె ఒప్పందం స్టాంపు కాగితం మీద రాసుకున్నది చాలదు, రిజిస్టరై ఉండాలి. హైదరాబాద్‌లో అద్దెకుండేవాళ్లలో చాలామంది దగ్గర అది ఉండదు కాబట్టి వాళ్లు ముందు బ్యాంకు పాస్‌బుక్‌లోనో ఆధార్‌లోనో చిరునామా మార్చుకోవడం దగ్గరి దారి.

పద్దెనిమిది నిండేవాళ్లకు అర్హత తేదీలు ఏడాదికి నాలుగు: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. పదిహేడు దాటాక ముందుగానే దరఖాస్తు పెట్టవచ్చు.

ఆధార్ ఇవ్వకపోతే ఓటు తీసేస్తామని ఎవరైనా అంటే నమ్మకండి. తెలంగాణకు చెందిన కాంగ్రెస్ నేత జి. నిరంజన్ వేసిన కేసులో, ఆధార్ నంబరు తప్పనిసరి కాదని 2023 సెప్టెంబరులో ఎన్నికల సంఘం సుప్రీంకోర్టుకు చెప్పింది. ఇచ్చే ఉద్దేశముంటే పోర్టల్లోనో బీఎల్ఓకో ఇవ్వండి. పార్టీ సర్వే అంటూ గుమ్మం దగ్గరికి వచ్చినవాళ్లకు నకళ్లు ఇవ్వకండి. ఫారం తీసుకోవడానికి బీఎల్ఓకు మీ ఓటీపీతో పనిలేదు.

మీకు తెలియకుండా పేరు పోకుండా

2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఇతరుల పేర్లతో ఫారం 7లు గుట్టలుగా వచ్చి పడ్డాయి, పోలీసు కేసులు కూడా నమోదయ్యాయి. ఫారం 7 పడినంతనే పేరు పోదు. నోటీసు ఇవ్వాలి, మాట వినాలి. కానీ నోటీసు పాత చిరునామాకు వెళితే మీకు అందదు. దీనికి విరుగుడు ఎక్కువమందికి తెలియని జాబితాలు: ఈఆర్ఓలు వచ్చిన దరఖాస్తులను చేర్పులకు ఫారం 9లో, తొలగింపు అభ్యంతరాలకు ఫారం 10లో, సవరణలకు ఫారం 11లో ప్రకటిస్తారు. ఇవి ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్లో దొరుకుతాయి. జాబితా సవరణ నడిచే రోజుల్లో మీ నియోజకవర్గం ఫారం 10ని వారానికోసారి తిరగేయండి. మీ పేరు కనిపిస్తే ఆధార్, కరెంటు బిల్లు నకళ్లతో ఈఆర్ఓ దగ్గరికి వెళ్లి, ఇక్కడే ఉంటున్నానని రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.

తొలగింపు జరిగిపోయినా, దరఖాస్తు తిరస్కరించినా, ఈఆర్ఓ ఉత్తర్వు వచ్చిన 15 రోజుల్లో కలెక్టరుకు అప్పీలు చేయవచ్చు. అక్కడా కాకపోతే 30 రోజుల్లో ప్రధాన ఎన్నికల అధికారికి. అప్పీలుకు ఉత్తర్వు నకలు, దరఖాస్తు రిఫరెన్స్ నంబరు కావాలి. ఆ నంబరు స్క్రీన్‌షాట్ తీసుకోనివాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు.

2002 జాబితా ఎందుకు దగ్గర పెట్టుకోవాలి

బీహార్‌లో 2025 జూన్‌లో మొదలైన ఓటరు జాబితాల ప్రత్యేక సమగ్ర సవరణ, అక్టోబరు 27న ప్రకటించిన విడతతో మరో పన్నెండు రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలకు పాకింది. పుదుచ్చేరి అందులో ఉండడంతో యానాం ఓటర్లకూ, తమిళనాడులోని తెలుగువాళ్లకూ ఇది అనుభవంలోకి వచ్చింది. దీనిలో ఇప్పటి ఎంట్రీని పాత సమగ్ర సవరణ నాటి జాబితాతో జతకలపాలి. మన రెండు రాష్ట్రాలకూ ఆ పాత జాబితా 2002 నాటిది. మీ పేరు గానీ, అప్పటికి వయసు రాకపోతే అమ్మానాన్నల పేర్లు గానీ అందులో ఏ నియోజకవర్గం, ఏ పార్టు, ఏ క్రమ సంఖ్యలో ఉన్నాయో వెతికి రాసుకోండి.

ఇప్పటి నియోజకవర్గం పేరుతో వెతికితే దొరకదు. 2009 ఎన్నికల నుంచి అమలైన నియోజకవర్గాల పునర్విభజనకు ముందు కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి నియోజకవర్గాలే లేవు, అవి అప్పటి భారీ ఖైరతాబాద్ నియోజకవర్గంలో భాగం. ఊరు, వీధి, పోలింగ్ కేంద్రం ఉన్న బడి పేరు పట్టుకుని వెళ్లడం తేలిక. ఆధార్ గురించి ఇక్కడో మెలిక ఉంది: 2025 సెప్టెంబరు 8న సుప్రీంకోర్టు ఆధార్‌ను ఈ సవరణలో చెల్లే పత్రాల్లో పన్నెండోదిగా తీసుకోమంది గానీ, గుర్తింపు కోసమే, పౌరసత్వానికి రుజువుగా కాదు.

విదేశాల్లో ఉన్నవాళ్లు

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటూ భారత పౌరసత్వం వదులుకోనివాళ్లు పాస్‌పోర్టులో ఉన్న ఇక్కడి చిరునామాతో ఫారం 6ఏ పెట్టుకోవచ్చు. వీళ్లకు ఎపిక్ ఇవ్వరు, పోలింగ్ రోజు స్వయంగా వచ్చి అసలు పాస్‌పోర్టు చూపించాలి, ఆధార్ చెల్లదు. విదేశీ పౌరసత్వం ఉన్న ఓసీఐ కార్డుదారులకు ఓటు లేదు.

ఇంకో రెండు జాబితాలు వేరు. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు ఫారం 18తో, ఉపాధ్యాయులది ఫారం 19తో ప్రతిసారీ కొత్తగా నమోదు కావాలి, శాసనసభ జాబితాలో ఉన్నారని అక్కడికి పేరు రాదు. పంచాయతీ, మున్సిపల్ జాబితాలను రాష్ట్ర ఎన్నికల సంఘం శాసనసభ జాబితా నుంచే వార్డులవారీగా విడగొడుతుంది. పేరున్నా పక్క వార్డులో పడవచ్చు, ముసాయిదా అంటించినప్పుడే చూసుకోవాలి.

పోలింగ్ రోజు

పేరు జాబితాలో ఉండి కార్డు లేకపోతే ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్ వంటివాటిలో ఏదైనా చూపించవచ్చు. ఇంటికొచ్చిన ఓటరు స్లిప్పు ఒక్కటే చూపిస్తే 2019 నుంచి కుదరదు, అది క్రమ సంఖ్య తెలుసుకోవడానికే. వేరే నియోజకవర్గంలో ఇచ్చిన పాత ఎపిక్ కూడా పనికొస్తుంది, ఈ బూతు జాబితాలో పేరుంటే చాలు.

బీఎల్ఓ వచ్చినప్పుడు ఇంటికి తాళం ఉంటే మీ పేరు ఏఎస్‌డీ జాబితాలోకి, అంటే ‘లేరు, మారారు, మరణించారు’ అన్నవాళ్ల చిట్టాలోకి వెళ్లి ఉండవచ్చు. ఆ చిట్టాలో పేరుంటే ఓటు పోయినట్టు కాదు. ప్రిసైడింగ్ అధికారి మీ పత్రాన్ని స్వయంగా పరిశీలించి, మీతో డిక్లరేషన్ రాయించుకుని, సంతకంతో పాటు వేలిముద్ర కూడా తీసుకుని ఓటు వేయనివ్వాలి. ఇలాంటప్పుడు ఫొటో స్పష్టంగా ఉన్న పత్రం అవసరం కాబట్టి, అరిగిపోయిన ఎపిక్ ఒక్కటే పట్టుకెళ్లకుండా పాస్‌పోర్టో డ్రైవింగ్ లైసెన్సో కూడా వెంట ఉంచుకోండి.